దీపాల పెట్టె సూమెయ్

మా లూగాంగ్‌లో కరెంటు పనివాళ్ళకి కొదవేం లేదు. పిలిస్తే వస్తామనేవాళ్ళు పదిమంది ఉంటారు, పిలిచిన రోజునే వచ్చేవాళ్ళు ఇద్దరో ముగ్గురో. వాళ్ళలో ఎవరైనా సరే గుమ్మంలో చెప్పులు విప్పుతూ అడిగే మొదటి మాట, "మెయిన్ ఎక్కడండీ?" సూమెయ్ ఒక్కతే, "అమ్మవారు ఎక్కడండీ?" అంటుంది.

ముందు హాల్లో అమ్మవారిని నిలిపిన పూజబల్ల దగ్గరికెళ్తుంది. మూడు అగరొత్తులు వెలిగించి చేతులెత్తి, "నేను సూమెయ్‌ని తల్లీ. చేపల బజారు వెనకసందు, పద్నాలుగో నంబరు, నీళ్ళ-కరెంటు కొట్టు మాది. ఈ ఇంట్లో బోర్డు మార్చడానికొచ్చా" అని చెప్పుకుంటుంది. అడ్రసు చెప్పకపోతే ఏ సూమెయ్యో మాజూ తల్లికి ఎలా తెలియాలి? మా ఊళ్ళో ఒక్కో సందుకి నలుగురున్నారు సూమెయ్‌లు. అందుకే ఎవరు మొక్కినా అడ్రసుతో సహా మొక్కాల్సిందే.

ఆ తర్వాత బల్లమీది ఎర్ర చెక్కలు రెండూ తీసుకుని నేలమీద వేస్తుంది. నెలవంకలా వంకర తిరిగి, ఒకవైపు ఉబ్బుగా, ఒకవైపు చదునుగా ఉంటాయవి. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే తల్లి సరేనన్నట్టు. రెండూ బోర్లా పడితే వద్దన్నట్టు. రెండూ వెల్లకిలా పడ్డాయా, తల్లి నవ్విందన్నమాట. నవ్వితే ఔనూ కాదు, కాదూ కాదు. అడగడం చేతకాలేదు, మళ్ళీ సరిగ్గా అడగమని అర్థం. సరేనంటేనే సూమెయ్ పని మొదలెడుతుంది. వద్దంటే సంచి సర్దుకుని మర్నాడు వస్తుంది. కళ్ళెదుట పడ్డ చెక్కని ఇంకోలా చదివిన పాపాన ఆవిడ ఎన్నడూ పోలేదు.

సరేనన్నాక స్కూటర్ మీంచి ఒక చెక్కపెట్టె దించుతుంది. అందులో బ్యాటరీ ఉంటుంది. అమ్మవారికి అటూ ఇటూ వెలిగే ఎర్ర దీపాలు రెండుంటాయి కదా, తామరమొగ్గల్లాంటివి, రాత్రీ పగలూ ఆర్పనివి. మెయిన్ కట్టేస్తే అవీ పోతాయి. అందుకని ముందు కుడి దీపాన్ని గోడనించి పీకి పెట్టెకి తగిలిస్తుంది. అది వెలిగాక ఎడమదాన్ని. ఒకటి మారుతున్నంతసేపూ ఇంకోటి వెలుగుతూనే ఉంటుంది కాబట్టి బల్లముందు చీకటన్నది పడదు. రెండూ మారాకే మెయిన్ మీద చెయ్యి వేస్తుంది. అందుకే ఊరంతా ఆవిణ్ణి దీపాల పెట్టె సూమెయ్ అంటారు.

"మా ఆవిణ్ణి కరెంటు పనికి పిలిస్తే పురోహితం ఉచితం" అని ఆవిడ మొగుడు ఆ-ఫూ కొట్లో కూచుని అందరితో అంటుంటాడు. ఆయన అనాలి మరి! కొట్టు ఆయన తండ్రిది. మా దేశంలో నీళ్ళ పనీ కరెంటు పనీ ఒకటే వృత్తి. ఆ-ఫూకి చిన్నప్పట్నుంచీ నీళ్ళంటే ఇష్టం, కరెంటంటే హడలు. మామగారు చూసి చూసి, ఇహ లాభం లేదని కొత్తగా కాపరానికొచ్చిన కోడలి చేతిలో టెస్టర్ పెట్టాడు. మొగుడు పైపులు బిగిస్తాడు, పెళ్ళాం తీగలు లాగుతుంది. ఇప్పుడు సూమెయ్‌కి యాభై నాలుగేళ్ళు. మనిషి పొట్టి. నిచ్చెన మీద పై మెట్టెక్కినా అందక, కాలివేళ్ళ మీద లేస్తుంది.

ఇంతకీ ఈ పెట్టె అలవాటు ఆవిడకి పుట్టుకతో వచ్చింది కాదు. ఇరవై రెండేళ్ళ కిందట ఒక ఇంట్లో తిన్న తిట్లతో వచ్చింది.

ఆ ఇల్లు షి జిన్‌జీ అవ్వది. గాలి మళ్ళే సందులో రైలుపెట్టెలాగా పొడుగ్గా వెనక్కి పోయే పాత ఇల్లు. అప్పుడు వాళ్ళాయన బతికే ఉన్నాడు. కొత్తగా బట్టలుతికే మిషను కొన్నారు. దాన్ని ముట్టుకుంటే చురుక్కుమంటోందని ఆయనే స్వయంగా కొట్టుకొచ్చి సూమెయ్‌ని పిలుచుకెళ్ళాడు. కరెంటు ఎక్కడైనా తీగ దాటి కారుతుంటే కనిపెట్టి, మనిషి ప్రాణం మీదికి రాకముందే టక్కున పడిపోయే ట్రిప్పరు అప్పుడే మా ఊళ్ళోకి వస్తోంది. సూమెయ్ మెయిన్ కట్టేసి దాన్ని బిగించింది. పనికి నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలూ అమ్మవారి దీపాలు ఆరిపోయి ఉన్నాయి. అవ్వ గుడినించి వచ్చి చూసి నెత్తీ నోరూ బాదుకుంది.

తీరా బిగించాక ఆ ట్రిప్పరు ఊరికే ఉంటే ఏ గొడవా లేకపోను. వానొచ్చినప్పుడల్లా పడిపోయేది. పడ్డప్పుడల్లా దీపాలూ పోయేవి. ఎక్కడో తీగ తడిసి కారుతోంది, వెతికి చూస్తానని సూమెయ్ మర్నాడే వెళ్ళింది. అవ్వ తలుపు తియ్యలేదు. వారం చూసి, మేనల్లుణ్ణి పిలిచి, ట్రిప్పరుని పక్కకి తప్పించి తీగలు నేరుగా కలిపించేసింది. దీపాలు మళ్ళీ ఆరలేదు. రెండోరోజు పొద్దున్న ముసలాయన స్నానాలగదిలో పడిపోయి ఉన్నాడు. గుండె ఆగిందని డాక్టరు రాసిచ్చాడు.

"అమ్మవారి దీపం ఆర్పింది, ఇంటి దీపం ఆరిపోయింది" అని జిన్‌జీ అవ్వ శవం పక్కన కూచుని సూమెయ్ పేరెత్తి ఏడ్చింది. ఆ మాట ఊళ్ళో పడ్డాక ఇంకేముంది! రెండేళ్ళపాటు సగం సందుల్లో సూమెయ్‌ని గడప తొక్కనివ్వలేదు.

చావు భోజనాలనాడు ఆ మేనల్లుడు తాగి, ఆ-ఫూ భుజం మీద పడి, "నేనే కలిపా బావా, అత్త కలపమంది, కలిపా" అని అసలు సంగతి కక్కేశాడు. ఆ-ఫూ ఇంటికొచ్చి గంతులేశాడు.

"పద, వెళ్ళి అందరిముందూ అడుగుదాం! నువ్వు పెట్టింది పెట్టినట్టుంటే ఆయన బతికేవాడేమో!"

"ఏమో అన్నావుగా, అక్కడే ఆగు" అంది సూమెయ్. "నిజంగా గుండే ఆగిందేమో, నీకు తెలుసా, నాకు తెలుసా? ఆ ఏమో తీసుకెళ్ళి ఆవిడ నెత్తిన పెడితే, రేపట్నుంచి ఆవిడ అన్నం ఎలా తింటుంది? నన్ను తిట్టుకుంటోంది, తిట్టుకోనీ. తిట్లకి ఒళ్ళు బొబ్బలెక్కవు."

తర్వాత ఆ మేనల్లుడూ పోయాడు. ఇరవై రెండేళ్ళు సూమెయ్ ఆ సంగతి నోట రానివ్వలేదు. ఎవరి తరం చెప్పండి! మనకి పక్కింటివాళ్ళ కూరలో ఉప్పెక్కువైన సంగతే కడుపులో దాగదు.

ఈ ఏడు వానలు పట్టిన రోజుల్లో అవ్వ మనవడు బోలిన్ కొట్టుకొచ్చాడు. బేకరీలో పని, ఒంటినిండా పిండి.

"పిన్నీ, మా ఆవిడకి ఆడపిల్ల పుట్టింది. ఆదివారం ఇంటికి తీసుకొస్తున్నా. బాలింతకని గీజరు కొన్నా, ఇండక్షన్ పొయ్యి కొన్నా, ఏసీ కొన్నా. వచ్చి తగిలించిపోతావా?"

"మీ నాయనమ్మకి చెప్పావా, నన్ను పిలుస్తున్నానని?"

బోలిన్ నేలచూపులు చూశాడు. "నువ్వంటే... కొంచెం కోపం. ఆవిడేమో సందు చివర అతన్ని పిలవమంటోంది. అతను ఉన్న బోర్డుకే అరగంటలో తగిలించేస్తానంటున్నాడు. నాకెందుకో భయమేసింది పిన్నీ. మొన్న రైస్ కుక్కరూ ఫ్యానూ కలిపి వేస్తే బోర్డు దగ్గర కాలిన వాసన వచ్చింది."

సూమెయ్ తింటున్న అన్నం గిన్నె పక్కన పెట్టేసింది. ఆ బోర్డు వెనక తీగలెలా ఉన్నాయో, అవ్వ కాక, ఊళ్ళో తెలిసింది ఇప్పుడు సూమెయ్‌కీ ఆ-ఫూకీ మాత్రమే. ఆ తీగలకి గీజరు తగిలిస్తారట. దానికింద పచ్చిబాలింత తడికాళ్ళతో నిలబడుతుందట, పసిదానికి నీళ్ళు పోస్తుందట.

"అతన్ని రావద్దను. రేపు పొద్దున్నే నేనొస్తా" అంది.

బుధవారం పొద్దున్న అవ్వ గుమ్మంలోనే ఎదురైంది. ఎనభై నాలుగేళ్ళు, కళ్ళకి శుక్లాలు, నోటికి మాత్రం ఏ రోగమూ లేదు.

"ఎవరే?"

"నేనవ్వా, సూమెయ్‌ని."

"ఏ సూమెయ్యి? దీపాలార్పే సూమెయ్యా?"

"ఆ సూమెయ్యే."

"ఇంకా ఎవరు మిగిలారని వచ్చావు? నేనున్నా, నన్నూ పంపించి పో."

"బాలింత వస్తోందిగా అవ్వా, వేడినీళ్ళు..."

"బాలింత నెల్రోజులు తలకి పోసుకోకూడదు. మేం కన్లేదూ? ఏడుగుర్ని కన్నా, ఏ గీజరు కింద నిలబడ్డానే? ఒకప్పుడు నువ్వులనూనెలో కోడి వేయించి పెడితే లేచి కూచునేవాళ్ళు. ఇప్పుడు దానికీ మంటలేని పొయ్యిట!"

సూమెయ్ గుమ్మంలోనే చెప్పులు విప్పింది. "అమ్మవారిని అడిగి చూద్దాం. వద్దంటే వెళ్ళిపోతా" అంది.

"ఈ ఇంట్లో అమ్మవారిని అడిగేది నేను" అని అవ్వ చెక్కలు లాక్కుంది. బల్ల ముందు నిలబడి గట్టిగా, "తల్లీ, ఇది మళ్ళీ నీ దీపం ఆర్పుతానంటోంది, ఆర్పనివ్వనా?" అని నేలమీదికి విసిరింది.

అలా అడిగితే ఏ తల్లి ఔనంటుంది? చెక్కలు రెండూ బోర్లా పడ్డాయి. అవ్వ వంగి చూసింది కానీ ఎర్రగచ్చు మీద ఎర్రచెక్క ఆ కళ్ళకి ఆనలేదు. "ఏం పడ్డాయి?" అని సూమెయ్‌నే అడగాల్సొచ్చింది. బోలిన్ పనిలో ఉన్నాడు. ఇంట్లో మూడో మనిషి లేడు.

సూమెయ్ ఒక్క క్షణం చెక్కల వంక చూసింది. ఆదివారానికి మధ్యలో మూడు రోజులే ఉన్నాయి.

"రెండూ బోర్లా పడ్డాయవ్వా. వద్దంది తల్లి."

అవ్వ తల తిప్పి, ఆ మసక కళ్ళతోనే ఆవిణ్ణి చాలాసేపు చూసింది. ఔనందని చెప్తుందనే అనుకుంది కాబోలు. "సరే, విన్నావుగా, పో" అంది. గొంతులో ఇందాకటి కారం మాత్రం లేదు.

ఇంటికొస్తే ఆ-ఫూ నెత్తి కొట్టుకున్నాడు. "కళ్ళు కనపడని మనిషి అడిగితే, ఒకటి బోర్లా ఒకటి వెల్లకిలా అంటే ఎవడొచ్చి కాదంటాడే? ఒక్క అబద్ధానికి రెండు ప్రాణాలు దక్కేవి!"

"తల్లి మాట మార్చి చెప్పి చేసే పని నాకొద్దు. రేపు మళ్ళీ వెళ్తా."

"మళ్ళీ వద్దంటే?"

"ఎల్లుండి వెళ్తా."

"శనివారం దాకా తిరుగుతూనే ఉండు, ఆవిడ పట్టిన కుందేటికి మూడే కాళ్ళు" అని విసుక్కున్నాడు గానీ, రాత్రంతా ఆవిడ బ్యాటరీకి చార్జింగు పెట్టింది ఆ-ఫూయే. కరెంటంటే హడలని చెప్పానా, చేతికి రబ్బరు తొడుగు వేసుకుని మరీ పెట్టాడు.

గురువారం ఒకటే వాన. అవ్వ ఈసారి గుమ్మంలో ఆపలేదు, "మళ్ళీ తగలడ్డావా" అని లోపలికి నడిచింది. చెక్కలు తీసి, "తల్లీ, ఇది నా ఇంట్లో పని చేస్తానంటోంది, చెయ్యనివ్వనా?" అని వేసింది.

"ఏం పడ్డాయి?"

"రెండూ వెల్లకిలా. నవ్వింది."

"నిన్ను చూసే నవ్వింది."

"కాదవ్వా, నువ్వడిగిన దానికి నవ్వింది. ఏం పని, ఎలా చేస్తా, ఏమీ చెప్పకుండా చెయ్యనివ్వనా అంటే ఆవిడ మాత్రం ఏమంటుంది?"

అవ్వకి నవ్వొచ్చింది, ఆపుకుంది. అగరుబూడిద అంటిన చేతులు కడుక్కోడానికి స్నానాలగదిలోకెళ్ళి కుళాయి మీద చెయ్యి వేసి, చటుక్కున వెనక్కి తీసుకుని దులుపుకుంది. సూమెయ్ చూడనే చూసింది.

"ఏమైందవ్వా?"

"ఏం లేదే, చేతివేళ్ళకి తిమ్మిరి. వానాకాలం ఎక్కువ. నరాల బలహీనతట, ఆర్నెల్లనించీ కషాయం తాగుతున్నా. కుండెడు తాగా, కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు ఆకలి చచ్చింది గానీ తిమ్మిరి పోలేదు."

సూమెయ్ జేబులోంచి టెస్టర్ తీసి కుళాయికి ఆనించింది. టెస్టర్‌లో చిన్న దీపం ఎర్రగా వెలిగింది. అవ్వకి చెక్కలు ఆనకపోవచ్చు గానీ, ఆ చీకటిగదిలో వెలుగు ఆనింది.

"ఏంటే అది?"

"కరెంటు. నీ కుళాయిలోకి కరెంటు కారుతోందవ్వా. నీ నరాలకేం రోగం లేదు, ఈ ఇంటి నరాలకే రోగం."

అవ్వ గోడ పట్టుకుంది. "ఎక్కణ్ణించి కారుతోంది?"

"ఈ గోడకి అవతల ఏముంది?"

అవతల ఉన్నది అమ్మవారి బల్ల. దీపాలకి వెళ్ళే తీగ నలభై ఏళ్ళనాటిది. అగరు పొగకీ ఉప్పుగాలికీ పొట్టు రాలిపోయి, అదే గోడలోంచి పోతోంది. సూమెయ్‌కి అనుమానం ఇరవై రెండేళ్ళనాడే వచ్చింది. రుజువు చెయ్యాలంటే ఆ తీగ కట్టెయ్యాలి. కట్టెయ్యాలంటే దీపాలు దానిమీద ఉండకూడదు.

"అవ్వా, ఒక్కసారి నన్ను అడగనీ" అంది.

అవ్వ ఈసారి చెక్కలు తనే చేతికిచ్చింది. సూమెయ్ పేరూ, సందూ, నంబరూ చెప్పి, "తల్లీ, నీ దీపం ఆర్పను. ఒకటి వెలుగుతుండగా ఇంకోటి మారుస్తా. నీ ముందు చీకటి పడనివ్వను. ఈ ఇంటికి పసిబిడ్డ వస్తోంది. తీగ కట్టి చూడనా, చెడ్డదైతే కొత్తది వెయ్యనా?" అని వేసింది.

"ఏం పడ్డాయి?"

"ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా."

నిన్న వద్దందని చెప్పిన నోరు, ఇందాక నవ్విందని చెప్పిన నోరు. అవ్వ నమ్మింది. అయినా సూమెయ్ ఆవిడ చెయ్యి పట్టుకుని వంచి, చెక్కలు రెండూ తడిమించింది.

పెట్టె దించింది. కుడి దీపం మారింది, ఎడమ దీపం మారింది. అవ్వ రెండు మొగ్గలకీ మొహం దగ్గరగా పెట్టి చూస్తూ నిలబడింది. వెలుగు చెదరలేదు.

"ఇలా చెయ్యొచ్చని నీకెప్పుడు తట్టిందే?"

"మీ ఇంట్లో తిట్లు తిన్న మర్నాడు. ఆ రోజునించి ఏ ఇంట్లోనూ దీపం ఆర్పలేదవ్వా."

సూమెయ్ హాలు వైపు ఫ్యూజు పీకి, ఆవిణ్ణి కుళాయి దగ్గరికి నడిపించి టెస్టర్ ఆనించింది. ఈసారి వెలగలేదు. మళ్ళీ ఫ్యూజు పెట్టింది, కుళాయిలో వెలిగింది. పీకింది, ఆరిపోయింది.

"అమ్మవారి దీపమా నన్ను కరుస్తోంది!" అంది అవ్వ, చిన్నపిల్లలాగా.

"దీపం కాదు. తీగ."

ఇక ఆ రెండ్రోజులూ సూమెయ్ చేసిన పని చూసి తీరాలి. శుక్రవారం పాత బోర్డు ఊడదీసింది. దాని వెనక మేనల్లుడు కలిపిన తీగలు నల్లగా మాడి, అంటుకుపోయి ఉన్నాయి. గీజరు తగిలిస్తే ఆ భారానికి వారం ఆగేవి కావు. వాటిని కత్తిరించి, అవ్వకి చూపించకుండా సంచి అడుగున పడేసింది. గీజరుకొకటి, పొయ్యికొకటి, ఏసీకొకటి లావుపాటి కొత్త తీగలు లాగింది. దేని ట్రిప్పరు దానికే. ఏ గదిలో తేడా వచ్చినా ఆ గదే ఆరాలి గానీ ఇల్లంతా ఆరకూడదని ఆవిడ పట్టుదల. వాటన్నిటికంటే ముందు, బల్లకి విడిగా ఒక తీగ, విడిగా ఒక ట్రిప్పరు. స్నానాలగదిలో ఏం జరిగినా ఇక దీపాల జోలికి రాదు. పెరట్లో రాగికడ్డీ దింపి ఎర్తు కూడా వేసింది. వానలో తడుస్తూ సుత్తితో ఆ కడ్డీని దింపుతుంటే, కరెంటంటే భయపడే ఆ-ఫూ గొడుగు పట్టుకు నిలబడ్డాడు. ఆ జంటని చూస్తే ముచ్చటేసింది నాకైతే.

అవ్వ రెండ్రోజులూ పీట వేసుకుని దీపాలకి కాపలా కూచుంది. మధ్యలో లేచి వెళ్ళి సేమ్యా జావ కాచి తెచ్చి, "తిని చావు, నిచ్చెన మీంచి పడ్డావంటే అదీ నా నెత్తినే" అంది. అది ఆవిడ మర్యాద.

శనివారం సాయంత్రం దీపాలు ఒక్కొక్కటిగా కొత్త తీగ మీదికొచ్చాయి. బోలిన్ అప్పటికే ఆసుపత్రికి వెళ్ళిపోయాడు, రాత్రికి అక్కడే పడుకుని పొద్దున్నే పెళ్ళాంబిడ్డల్ని తెస్తానని. సూమెయ్ అవ్వ వేలు పట్టుకుని స్నానాలగది ట్రిప్పరు మీద ఉన్న చిన్న బటన్ మీద పెట్టింది. ఏ ఇంట్లోనైనా ఆ బటన్ మొదటిసారి నొక్కేది ఇంటి పెద్దావిడే. అది సూమెయ్ పద్ధతి.

"నొక్కు."

టక్కుమంది. స్నానాలగదిలో లైటు పోయింది. అమ్మవారి దీపాలు వెలుగుతూనే ఉన్నాయి.

"అమావాస్యకీ పున్నమికీ తల్లికి పళ్ళు పెడతావుగా, ఆ చేత్తోనే వెళ్ళి దీన్నొకసారి నొక్కు. పడితే మంచిది, మళ్ళీ ఎత్తెయ్. పడలేదంటే నాకు కబురు పెట్టు."

అవ్వ తలూపింది. ట్రిప్పరు ఎత్తించి, మెల్లగా వెళ్ళి కుళాయి తిప్పి నీళ్ళకింద చెయ్యి పెట్టింది. చాలాసేపు అలాగే ఉంచింది. బయట వాన కురుస్తూనే ఉంది.

"చురుక్కుమనట్లేదే" అంది.

"అనదవ్వా ఇంక."

"ఆయన పోయిన రోజూ ఇలాగే వాన."

సూమెయ్ సామాన్లు సర్దుతున్నదల్లా ఆగిపోయింది.

అవ్వ కుళాయి కట్టేసి వచ్చింది. తడిచేతులు తుడుచుకోలేదు. "ఆ రోజు నువ్వు పెట్టిన దానికి కూడా ఇలా బటన్ ఉండేది. నాకు గుర్తుంది. నువ్వు పెట్టావు, ఆయన మురిసిపోయాడు. నేనే... వాణ్ణి పిలిచి..." మాట మింగేసింది. బల్ల దగ్గరికెళ్ళి చెక్కలు తీసుకుంది. సూమెయ్ ఆపుదామని అడుగు ముందుకేసింది గానీ ఆలస్యమైపోయింది.

"తల్లీ, నేను జిన్‌జీని. ఈ ఇంట్లోనే ఉంటా, నీకు తెలుసు. ఒక్కటే అడుగుతా, నిజం చెప్పు. అది నేను తీయించబట్టే ఆయన పోయాడా?"

చెక్కలు గచ్చుమీద పడి, ఒకటి అక్కడే ఆగిపోయింది. ఇంకోటి గుండ్రంగా దొర్లి, ఊగి, ఊగి, ఆగింది.

ఒకటి బోర్లా. ఒకటి వెల్లకిలా.

"ఏం పడ్డాయి?" అంది అవ్వ. వంగలేదు. వంగి తడుముకునే ధైర్యం ఆవిడకి లేదు. "సూమెయ్, ఏం పడ్డాయే? నువ్వు ఉన్నదున్నట్టు చెప్తావు. చెప్పు."

సూమెయ్ మోకాళ్ళ మీద కూచుని, చెక్కలు రెండూ రెండు చేతులతో ఎత్తి, ఒకదానిమీద ఒకటి పెట్టి మూసేసింది.

"రెండూ వెల్లకిలా పడ్డాయవ్వా. నవ్వింది."

"నవ్విందా?"

"పిచ్చిమొహమా, ఇదా అడిగేది అని నవ్వింది. రేపు ముని మనవరాలొస్తోంది, వెళ్ళి కోడికి అల్లం కోసుకో అంది."

అవ్వ పీటమీద కూలబడి, కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. "ఇరవై రెండేళ్ళు నిన్ను తిట్టానే" అంది. "తిట్టావులే, నా పెట్టె ఆ తిట్లతోనే తయారైంది" అని సూమెయ్ ఆవిడ వీపు నిమురుతూ, చెక్కలు బల్లమీద వాటి చోట వాటిని పెట్టేసింది.

ఇంటికొచ్చేసరికి ఆ-ఫూ అన్నానికి ఎదురుచూస్తున్నాడు. ఆవిడ అన్నానికి కూచోలేదు. చేతులు కడుక్కుని తమ ఇంటి బల్లముందుకెళ్ళి, మూడు అగరొత్తులు వెలిగించింది.

"నేను సూమెయ్‌ని తల్లీ. చేపల బజారు వెనకసందు, పద్నాలుగో నంబరు. ఇవాళ నీ మాట మార్చి చెప్పాను. తెలిసే చెప్పాను. తప్పనిపిస్తే నన్నడుగు, ఆవిణ్ణి కాదు. అడ్రసు నీకు తెలుసు."

చెక్కలు మాత్రం వెయ్యలేదు.